ఇంటర్నేషనల్ ఆఫీసు, మల్టీకల్చరల్ సెంటర్ ఒకటేనా?

అమెరికా యూనివర్సిటీల్లో ఈ రెండూ ఒకటేనా, విద్యార్థుల మధ్య పరిచయాలు పెంచే కార్యక్రమాల సంగతేంటి అని అడిగారు. రెండూ ఒకటి కాదు. ఇంటర్నేషనల్ ఆఫీసుకు ముఖ్యమైన పని వీసా కాగితాలు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ల పేరు కోర్సు మొదలైన 30 రోజుల్లోగా సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో, నమోదు చేసేది వీళ్లే. సెలవులకు ఇంటికి వెళ్లేముందు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద, తిరిగి అమెరికాలోకి రావడానికి కావాల్సిన ట్రావెల్ సంతకం పెట్టేదీ వీళ్లే. ఆ సంతకం ఉందో లేదో టికెట్ కొనే రోజే చూసుకోండి, ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడే బదులు.

మల్టీకల్చరల్ సెంటర్ల కథ వేరు. ఇవి వేర్వేరు జాతులు, సంస్కృతుల విద్యార్థులు కలుసుకునే, అండ దొరికే చోట్లు. వీటిలో చాలావాటి మూలాలు 1960ల చివర్లో నల్లజాతి విద్యార్థులు, ఇతర మైనారిటీ విద్యార్థులు చేసిన పోరాటాల్లో ఉన్నాయి. అంటే ముందు అక్కడే పుట్టి పెరిగినవాళ్ల కోసం వచ్చాయి. విదేశీ విద్యార్థులూ వెళ్లొచ్చు. ఇలాంటి వైవిధ్య కార్యక్రమాలను కట్టడి చేసిన రాష్ట్ర చట్టం వల్ల 2024లో టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇలాంటివి కొన్ని మూతపడ్డాయి.

ఇక పరిచయ కార్యక్రమాలంటారా, నా దృష్టిలో అసలు విషయం అదే. 1909లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద, వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో పనిచేసే హ్యారీ ఎడ్మండ్స్ ఒక చైనా విద్యార్థికి ఊరికే గుడ్ మార్నింగ్ చెప్పాడు. న్యూయార్క్ వచ్చి మూడు వారాలైంది, నన్ను పలకరించిన మొదటి మనిషి మీరే అన్నాడట ఆ కుర్రాడు. అక్కడ మొదలైన ప్రయత్నమే 1924లో న్యూయార్క్ ఇంటర్నేషనల్ హౌస్ అయింది. అందులో విదేశీ విద్యార్థులు, అమెరికన్లు ఇప్పటికీ ఒకే కప్పు కింద ఉంటున్నారు.