పాటల రచయిత కావాలని మహానగరానికి వచ్చినవాడిపై వ్యంగ్య నాటిక రాస్తే, నవ్వు ఎక్కడ పుట్టాలి?

మీ కథానాయకుడి చేత చెత్త పాటలు రాయించి నవ్వించవచ్చా అని అడిగారు. పాటల రచయిత కావాలని నగరంలో మూడేళ్లు ప్రయత్నించి తిరిగి వచ్చినవాడిగా చెబుతున్నాను, అతని చేత మంచి పాటలే రాయించండి. చెత్త పాటకు ప్రేక్షకుడు ఒకసారి నవ్వి ఊరుకుంటాడు. మంచి పాట ఒక్కొక్క మాటే ఊడిపోతుంటే, రాసినవాడే ప్రతిసారీ ఒక కొత్త సాకు వెతుక్కుని సంతోషిస్తుంటే, ఆ నవ్వు చివరిదాకా నిలుస్తుంది.

ఒక సంగీత దర్శకుడు నాకు తత్తకారాలతో, అంటే మాటలకు బదులు అర్థంలేని అక్షరాలతో, బాణీ వినిపించి పల్లవి రాయమన్నారు. రెండు రాత్రులు మేలుకొని రాసిన నాలుగు పాదాల్లో మొదటిది ‘నిశ్శబ్దం’ అనే మాటతో ముగిసేది. బాణీలో అక్కడ స్వరం బాగా సాగాలి. ‘దం’ అనగానే పెదవులు మూతపడతాయి కనుక సాగదీయలేనని గాయకుడు అన్నాడు. అది న్యాయమైన అభ్యంతరమే. ‘ఈ వేళా’ అని మార్చాను. అర్థం పోయింది గానీ నోరు తెరుచుకుంది. తర్వాత దర్శకుడికి ‘ఎడారి’ బరువనిపించింది, నిర్మాతకు ‘కన్నీరు’ నచ్చలేదు. రికార్డింగు నాటికి నా మాటల్లో మిగిలింది ‘మరి’ ఒక్కటే, అదీ తాళం కుదరడానికి ఇరికించినది. మిగతా చోట్ల తత్తకారాలే బాగున్నాయని అలాగే ఉంచేశారు.

నగరాన్ని వెక్కిరించాలంటే డబ్బు దగ్గర వెక్కిరించండి. 1847లో పారిస్‌లోని ఒక కెఫేలో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత, తన రచనలను అనుమతి లేకుండా వినిపిస్తూ తనకేమీ ఇవ్వనప్పుడు తాను తాగినదానికి బిల్లెందుకు కట్టాలని మొండికేశాడు. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్లి అతనే గెలిచాడు. 1851లో పాటల కర్తల తరఫున రుసుము వసూలు చేసే సాసెమ్ అనే సంస్థ ఏర్పడింది. మీ కథానాయకుడికి మాత్రం ఆ తెగువ ఇవ్వకండి. తన పాటను ఉచితంగా తీసుకున్నవారి కాఫీకి కూడా అతనే బిల్లు కట్టాలి, కట్టి పరిచయం పెరిగిందని పొంగిపోవాలి. (నేను కట్టాను.)

చివరి సన్నివేశం కావాలంటే ఇది వాడుకోండి. రికార్డింగు అయిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి, నా పాట పాడించారని చెప్పాను. అమ్మ సంబరపడి, ఏదీ ఒకసారి పాడమంది. గొంతు సవరించుకుని ‘తననా తననా’ అని మొత్తం పాడాను, ‘మరి’ దగ్గర కాస్త గట్టిగా.