ఒంగోలు ల్యాబ్‌లో వర్చువల్ డెస్క్‌టాప్‌ల నత్తనడక: సమాధానం

అన్నా, 60 వర్చువల్ డెస్క్‌టాప్‌లు (సర్వర్ మీద నడిచే కంప్యూటర్లు) ఉదయం 9కి ఒకేసారి తెరిస్తే మొరాయిస్తున్నాయి, స్టోరేజీ మాత్రం సగం ఖాళీగానే ఉందన్నారు కదా. లోటు జాగాలో కాదు, ఐఓపీఎస్‌లో, అంటే డిస్కులు సెకనుకు చేయగల చదివే (రీడ్), రాసే (రైట్) పనుల సంఖ్యలో ఉంది.

డెస్క్‌టాప్‌కు 10 ఐఓపీఎస్ చొప్పున వేసుకున్నా 600 కావాలి. అందులో 80 శాతం రైట్లే అనుకోండి. రెయిడ్ 5లో (ఒక డిస్కు పాడైనా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతిలో) ఒక్కో రైట్‌కు డిస్కుల మీద 4 పనులు పడతాయి. అంటే 120 రీడ్లు, 480 రైట్లు కలిసి 2,040 అవుతాయి. మీ 7,200 ఆర్‌పీఎం డిస్కు ఒక్కోటి సుమారు 75 ఇస్తుంది, ఎనిమిదీ కలిపితే 600! బూట్ అయ్యే వేళైతే ఇంకా ఎన్నో రెట్లు కావాలి. రెయిడ్ 10కి (ప్రతి రైట్‌నూ రెండు డిస్కుల్లో రాసే పద్ధతికి) మారినా 1,080 కావాలి, మీ 600 చాలవు.

దయచేసి మళ్లీ హార్డ్‌డిస్కులు కొనకండి. గోల్డెన్ ఇమేజ్‌నూ (డెస్క్‌టాప్‌లన్నిటికీ మూలమైన నమూనా), దాని నకళ్లైన క్లోన్‌లనూ ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీల (చిప్‌లతో పనిచేసే వేగమైన డిస్కులు) మీదకు మార్చండి, పిల్లల ఫైళ్లు పాతవాటి మీదే ఉండనివ్వండి. ఈలోపు 8 నుంచే విడతలవారీగా ఆన్ అయ్యేలా షెడ్యూల్ పెట్టి, యాంటీవైరస్ స్కాన్‌ను సాయంత్రానికి జరపండి.