ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేసినోళ్లకి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ వస్తుందా, అక్కడి భూమి సంగతేంటి?

ప్రశ్న: మాది బీజాపూర్ జిల్లా, మురియా తెగ వాళ్లం. సల్వా జుడుం (మావోయిస్టులకి వ్యతిరేకంగా నడిచిన సాయుధ దళాలు) గొడవల్లో 2006లో నాన్న వాళ్లు ఊరొదిలి తెలంగాణలోని చర్ల వైపు వచ్చేశారు, అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. ఇంటర్ అయిపోయింది, ఎమ్మార్వో ఆఫీసులో ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వం అంటున్నారు. ఊళ్లో భూమి ఇక పోయినట్టేనా సార్?

జవాబు: తమ్ముడూ, ఎస్టీ లిస్టు రాష్ట్రానికొకటి ఉంటుంది, రాజ్యాంగం 342వ ఆర్టికల్ ప్రకారం. వేరే రాష్ట్రం నుంచి వచ్చినోళ్లకి ఇక్కడి రిజర్వేషన్ రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పేసింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినోళ్లకీ అదే రూలా అంటే, అవును అదే, నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఛత్తీస్‌గఢ్‌లో మురియా వాళ్లు గోండు కింద ఎస్టీనే, నాన్నగారి పాత మిసల్ రికార్డు (అప్పటి భూమి రికార్డు) గానీ గ్రామసభ తీర్మానం గానీ పట్టుకుని అక్కడి తహసీల్ ఆఫీసులో సర్టిఫికెట్ తీసుకో, ఆ కాగితంతో కేంద్ర ఉద్యోగాలకి ఎస్టీ కోటాలో అప్లై చేయొచ్చు.

భూమి విషయానికొస్తే, పట్టా భూమి అయితే ఊరొదిలినంత మాత్రాన హక్కు పోదు. ఎవరైనా గిరిజనేతరుడు దున్నుకుంటూ నాదే అంటే నమ్మొద్దు, అక్కడి లాండ్ రెవెన్యూ కోడ్ 170-బి కింద తిరిగి ఇప్పించమని ఎస్డీఓ (మన ఆర్డీఓ లాంటి అధికారి) దగ్గర అడగొచ్చు. ముందు పట్వారీ (ఊరి భూమి రికార్డులు చూసే ఉద్యోగి) దగ్గర తాతగారి, నాన్నగారి పేర్లతో ఖస్రా (పొలం రికార్డు) నకలు తీయించు. అదే అడవి భూమి అయితే కాస్త చిక్కు. అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం)లో తరిమేయబడినోళ్లకి పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి అని ఉంది గానీ కటాఫ్ 2005 డిసెంబర్ 13, జుడుం మొదలైందేమో 2005 జూన్‌లో, మీరు కదిలింది ఆ తేదీ తర్వాత. అయినా అంతకుముందు అక్కడే సాగు చేశారు, బలవంతంగా కదిలారు కాబట్టి మీ ఊరి గ్రామసభకి క్లెయిమ్ పెట్టమనే చెప్తాను, గ్యారంటీ మాత్రం ఇవ్వలేను. ఇక్కడి పోడుకి పట్టా వస్తుందని ఎవరైనా డబ్బులడిగితే అస్సలు ఇవ్వొద్దు.

లాయర్ ఫీజుకి భయపడకు, లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద జాతి హింస బాధితులకి కూడా ఫ్రీ లాయర్ ఇస్తారు, ఎస్టీ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపితే ఆ మాటే చెప్పు. అమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టినా పర్లేదు, ఆడవాళ్లకి ఎలాగూ ఉచితమే. కొత్తగూడెం జిల్లా కోర్టులోనే ఈ ఫ్రీ లాయర్ ఇచ్చే లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉంటుంది, జుడుం అప్పటి ఊరి పేరు, వచ్చిన సంవత్సరం, ఎవరెవరు వచ్చారు ఇవన్నీ నాన్నగారి చేత చెప్పించి రాసుకుని వెళ్లు.