ఏలినవారు ఆడవారైతే

సందేహం: జపాను ఛాయలున్న ఒక ఊహాలోకాన్ని కల్పించి నవల రాస్తున్నాను. కథానాయిక రాజుగారి భార్య కాదు, తానే గద్దెనెక్కి ఏలుతుంది. ఆమెను మహారాణి అనాలా, చక్రవర్తిని అనాలా, సామ్రాజ్ఞి అనాలా? ‘వచ్చింది’ అని రాయాలా, ‘వచ్చారు’ అనా? జపాను తరహా పేర్లను మన లిపిలో ఎలా రాస్తే మేలు?

సమాధానం: మీరు చెప్పిన మూడు మాటల్లోనూ ఇబ్బంది ఉంది. మహారాణి అనగానే పాఠకుడు మహారాజు కోసం వెతుకుతాడు. ఏలే స్త్రీకీ, ఏలేవాడి భార్యకూ మనకు అదే మాట. విక్టోరియాను మనవాళ్లు మహారాణి అన్నా చెల్లింది, ఎందుకంటే ఏలిక ఆమేనని అందరికీ తెలుసు. మీ నవలలో మొదటి పేజీ తెరిచినవాడికి ఆ సంగతి తెలియదు.

చక్రవర్తిని వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కాని తెలుగులో ‘చక్రవర్తి’కి ద్వితీయా విభక్తి చేరినా అదే రూపం వస్తుంది. ‘చక్రవర్తిని చంపించింది’ అని రాశారనుకోండి: చంపించింది ఆమా, చచ్చింది ఆయనా? ఆమెకే ద్వితీయ చేర్చాలంటే ‘చక్రవర్తినిని’ అనాలి, అది నోరు తిరగదు. కుట్రలూ హత్యలూ ఉండే కథలో ఈ మాటతో అడుగడుగునా తంటాయే.

ఇక సామ్రాజ్ఞి. సంస్కృతంలో సమ్రాట్టుకు స్త్రీరూపం సమ్రాజ్ఞి, మొదటి అక్షరం హ్రస్వమే. సామ్రాజ్యంలో దీర్ఘం తద్ధిత ప్రత్యయం వల్ల వచ్చింది. ఆ మాట చెవిలో ఉండి, మనం ఇక్కడా దీర్ఘం పెట్టేశాం. ఋగ్వేదం పదో మండలంలో సూర్యుడి కూతురు సూర్య పెళ్లి సూక్తం (85వది) ‘సమ్రాజ్ఞీ శ్వశురే భవ’ అంటుంది. అక్కడ కోడలు ఏలవలసింది అత్తింటినే, రాజ్యాన్ని కాదు. ఏమైనా ఈ మూడింటిలో నా ఓటు ‘సమ్రాజ్ఞి’కే. విభక్తులు చక్కగా అతుకుతాయి, పక్కన భర్త ఉన్నట్టు తోచదు. ఆమె తమ్ముడో కొడుకో తరువాత గద్దెనెక్కి పెళ్లాడితే, ఆ భార్యను పట్టపురాణి అనండి. రెండు మాటలనూ కలపకండి.

అయితే ఇది కథనంలో వాడే మాట. కొలువులో జనం నోట ఏం పలికించాలన్నది వేరే ప్రశ్న, అసలు రుచి అక్కడే ఉంది. జపానులో క్రీ.శ. 592లో గద్దెనెక్కిన సుయికో మొదలు 1770 దాకా ఎనిమిది మంది స్త్రీలు పది పాలనాకాలాలు ఏలారు. ఇద్దరు గద్దె దిగి మళ్లీ ఎక్కారు. 1889 నాటి రాజవంశ చట్టం వారసత్వాన్ని మగవాళ్లకే పరిమితం చేసింది. ఆ ఎనిమిది మందికీ వాడిన బిరుదు మగవాళ్లకు వాడిన ‘తెన్నో’యే. చక్రవర్తి భార్యకు ‘కోగో’ అని వేరే మాట ఉంది. మనకూ ఇలాంటిది లేకపోలేదు: 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవిని శాసనాలు ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి.

లింగం చెప్పని అలాంటి మాట తెలుగులో కావాలంటే ‘ఏలినవారు’ ఉండనే ఉంది. పాతకాలపు అర్జీల్లో ‘ఏలినవారి సముఖానికి’ అని రాసేవారు, ఆ ఏలినవారు ఎవరైనా సరే. ‘దేవరవారు’ కూడా పనికొస్తుంది. జపానీయులు తమ చక్రవర్తిని పూర్వం ‘మికాదో’ అనేవారు. దానికి గొప్ప వాకిలి అని అర్థం చెబుతారు. మనిషి పేరెత్తకుండా వాకిలి పేరు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. జమీందారును ‘దివాణం వారు’ అనలేదూ? ఒక్క మాట మాత్రం వద్దు: ‘అమ్మవారు’. అది రాసిన మరుక్షణం పాఠకుడికి గుడి కనిపిస్తుంది.

క్రియల విషయం. కథనంలో ‘సమ్రాజ్ఞి లేచింది, తెర తొలగించింది’ అనే రాయండి. నాలుగు వందల పేజీలు ‘లేచారు, తొలగించారు’ అని రాస్తే కథకుడు కూడా కొలువులో ఉద్యోగిలా కనిపిస్తాడు. పైగా బహువచనంతో చిక్కు: ‘భటులు, సమ్రాజ్ఞి లోపలికి వచ్చారు; కూర్చున్నారు’ అంటే ఎవరు కూర్చున్నారు? ‘-రు’ను సంభాషణలకు దాచుకోండి.

సంభాషణల్లో దాన్ని దర్జాగా వాడవచ్చు. జపాను భాషలో పెద్దవారి పనులకు వేరే క్రియలే ఉన్నాయి: చెప్పడానికి ‘ఒశ్శరు’, రావడానికీ పోవడానికీ ఉండడానికీ ‘ఇరశ్శరు’, తినడానికి ‘మెశియగరు’. మనకు సెలవిచ్చు, వేంచేయు, ఆరగించు ఉన్నాయి. కింది వాడు తన మాటను ‘మనవి’ చేసుకుంటాడు, ‘విన్నవించు’కుంటాడు. ఇంగ్లీషులో రాసేవారికి లేని సౌకర్యం ఇది, మీరు వదులుకోవద్దు. కాకపోతే ‘ఆరగించు’ ఇప్పుడు గుడిలో నైవేద్యానికీ ఇంట్లో వెటకారానికీ మాత్రమే మిగిలింది. దాన్ని ముసలి పరిచారిక నోటికే ఇవ్వండి, కుర్ర భటుడికి వద్దు.

చక్రవర్తి తన గురించి చెప్పుకోవడానికి జపానులో ‘చిన్’ అనే ప్రత్యేక సర్వనామం ఉండేది. దానికి మన ‘మేము’ సరిపోతుంది. ‘మనం’ వద్దు, అది ఎదుటివాణ్ని కూడా గద్దె మీదికి లాగుతుంది. తిరుగుబాటుదారుల భాషలో ఇంకో కీలకం ఉంది. మగవాడి విషయంలో ‘వారు వచ్చారు, ఆయన వచ్చాడు, వాడు వచ్చాడు’ అని దిగజారవచ్చు. ఆడవారి విషయంలో ‘ఆమె వచ్చింది’, ‘అది వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే. తిరస్కారం అంతా సర్వనామం మీదే పడుతుంది. సేనాని ‘ఏలినవారు’ నుంచి ‘ఆమె’కూ, ‘ఆమె’ నుంచి ‘అది’కీ జారిన చోటు పాఠకుడికి తెలిసేలా రాస్తే, ద్రోహం సంగతి వేరే చెప్పనక్కరలేదు. అదే, తెర వెనక ఉన్నది ఆడో మగో కాసేపు దాచాలనుకుంటే ‘-డు’, ‘-ంది’ రెండూ పనికిరావు. ‘ఏలినవారు దగ్గారు’, ‘లోపల ఎవరో ఒకరు కదిలారు’ అనే పద్ధతే దారి. వారసుడు, యోధురాలు లాంటివి కూడా గుట్టు విప్పేస్తాయి, జాగ్రత్త.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. జపాను పురాణాల్లో సూర్యుడు దేవత, అమతెరాసు. రాజవంశం ఆమె సంతతి అంటారు. మీ లోకంలోనూ అలాంటిదే ఉంటే ‘సూర్యుడు ఉదయించాడు’ అన్న వాక్యం మీ దేవతను తెల్లారేసరికి మగవాణ్ని చేస్తుంది. ‘పొద్దు పొడిచింది, పొద్దు వాలింది’ అనండి. పొద్దుకు వచ్చే క్రియ, స్త్రీకి వచ్చే క్రియ ఒకటే కనుక దేవత దేవతగానే ఉంటుంది.

ఇక పేర్లు. జపాను శబ్దాలకు తెలుగు లిపి బాగా ఒదుగుతుంది. ఎ–ఏ, ఒ–ఓ తేడా మనకుంది, హల్లు ఒత్తడం ఉంది. తెన్నో, హొక్కైదో అని ఉన్నదున్నట్టు రాయగలం. చెడేది ఇంగ్లీషు అక్షరాలను చూసి రాసినప్పుడు. అక్కడ ‘ట, డ’ లేవు, ‘త, ద’లే. టోక్యో, క్యోటో, కటానా పాతుకుపోయాయి, వాటిని కదపవద్దు. మీరు కల్పించే పేర్లలో మాత్రం త, ద వాడండి. ‘ల’ అసలు లేదు, ఒత్తక్షరాలు ఖ, ఘ, భ లేవు. లీలా, భైరో లాంటి పేరు పెడితే ఆ లోకం చెదురుతుంది. ‘షి’ కంటే ‘శి’ అసలుకు దగ్గర. ‘త్సు’ అన్నది మన చుక్క, చుట్టలలోని దంత్య చకారమే. అయినా ఇప్పటి అచ్చులో ఆ తేడా చూపించం, పైగా వాళ్లకు తాలవ్యమైన ‘చు’ వేరే ఉంది. అందుకని ‘త్సు’ అని విడదీసి రాయడమే క్షేమం.

సున్న విషయంలో ఎక్కువమంది పొరబడతారు. మాట మధ్యలో అది బాగానే పలుకుతుంది. చివర పెడితే మనవాళ్లు మకారంగా చదువుతారు, పుస్తకంలాగా. కనుక శోగున్, రోనిన్ అని పొల్లుతోనే ముగించండి. సమురాయిలో మొదటి అక్షరం హ్రస్వం. బహువచనం సమురాయిలు, రాయి–రాళ్లు సూత్రం ఇక్కడ పట్టించారంటే నవ్వులపాలే. పేర్ల చివరి ఉకారాన్ని సంధి చేసి మింగవద్దు. పేరు చివర చేరే ‘సమ’, ‘సన్’ ఉంచితే ‘గారు’ చేర్చకండి, ‘గారు’ రాస్తే వాటిని తీసేయండి. నాకైతే ‘గారు’యే హాయి, ఎందుకంటే ‘సమ’ మనకు సమానం అన్న అర్థంలో తగులుతుంది.

వస్తువుల్లో ఒక్కటే చెబుతాను: జపాను ఇళ్లలో నేల మీద పరిచే తతామిని చాప అనకండి. లోపల గడ్డి దట్టించి, పైన తుంగలాంటి రెల్లు నేసిన ఆ పరుపుకు రెండంగుళాల మందం ఉంటుంది. చుట్టి మూలన నిలబెట్టడం కుదరదు.

పేర్ల జాబితా ఖాయం చేసేముందు ఒక్కో పేరుకూ ని, కు, తో చేర్చి పైకి చదవండి. ‘జితోతో మాట్లాడింది’, ‘కునిని పిలిచింది’ అన్నప్పుడు నాలుక తడబడుతుంది. తరువాత అదే పేరు తెలుగులో మామూలు మాట అవుతుందేమో చూడండి. మరి, మన, ఎమి మూడూ జపానులో ఆడవాళ్ల అసలు పేర్లే. ‘మరి వచ్చింది’, ‘మన గుర్రం ఎక్కింది’, ‘ఎమి అడిగింది’ అని రాస్తే పాఠకుడు ఏం చదువుకుంటాడో మీరే ఊహించండి. మరికో, మనమి, ఎమికో కూడా అక్కడి పేర్లే, వాటితో ఈ పేచీ రాదు.