డైనమో బండి ఛార్జింగ్: కటౌట్ స్క్రూ తిప్పే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్యాటరీ కొత్తదైనా రెండు రోజులు అంబాసిడర్ తీయకపోతే సెల్ఫ్ తిరగడం లేదని రాశావు. మెకానిక్ కటౌట్ (డైనమోకీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ను అదుపు చేసే చిన్న పెట్టె) చూసి "16 వోల్టులు వస్తోంది, బ్యాటరీ ఉడికిపోతుంది" అంటూ స్క్రూ వదులు చేసి 14.2కి దించాడనీ రాశావు. గొడవంతా ఆ దించడంలోనే ఉంది. 14.2 అనేది ఆల్టర్నేటర్ (ఇప్పటి బండ్లలో కరెంటు పుట్టించే యంత్రం) ఉన్న బండికి, బ్యాటరీ మీద మీటరు పెట్టి చూసే లెక్క. నీ అంబాసిడర్‌లాగా డైనమో (అదే పని చేసే పాత రకం యంత్రం) ఉన్న బండి కటౌట్‌కి చెప్పే 16 బ్యాటరీ వైర్లు విప్పేసి, లోడు లేకుండా చూసేది. కటౌట్ లోపలి లావు తీగ చుట్లలోంచి కరెంటు పారేకొద్దీ వోల్టేజి దానంతటదే దిగుతుంది. బ్యాటరీ తగిలించగానే ఆ 16 కాస్తా 14 చిల్లరకు వస్తుంది. అలాంటిది లోడు లేకుండానే 14.2 పెడితే బ్యాటరీ ఎన్నాళ్లకీ నిండదు.

నీ బండిలో ఉన్నది రెండు కాయిల్స్ ఉన్న లూకాస్ ఆర్‌బీ 106/2 రకమేనా అని ముందు చూసుకో. ఒకటి వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్, రెండోది డైనమోని బ్యాటరీకి కలిపి విడదీసే అసలు కటౌట్. పెట్టె మొత్తాన్నీ కూడా కటౌట్ అనే అంటాం. మూడు కాయిల్స్ కనిపిస్తే అది ఆర్‌బీ 340. దాని అంకెలు వేరు, కింద రాసినవి దానికి పనికిరావు.

స్క్రూ జోలికి వెళ్లేది అన్నిటికన్నా చివర. బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి. బ్యాటరీని బయట ఛార్జ్ చేయించి కొన్ని గంటలు వదిలేస్తే 12.6 చూపించాలి. అది చూపించని బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా లెక్క తప్పుతుంది. కటౌట్ 'ఇ' టెర్మినల్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు విప్పి తుప్పు గీకి బిగించు. ఈ ఎర్త్ పోతే రెగ్యులేటర్ కాయిల్ పని మానేస్తుంది, వోల్టేజి అదుపు తప్పి పైకి పోతుంది. బల్బులు మాటిమాటికీ మాడిపోయే బండ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే.

తర్వాత డైనమో. దాని మీది 'డి', 'ఎఫ్' వైర్లు రెండూ తీసి, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుతో కలుపు. మీటరు ఒక కొన అక్కడ, రెండోది డైనమో బాడీకి. ఇంజిన్ స్లోలో పెట్టి మెల్లగా రేజ్ చెయ్. వోల్టేజి తడబడకుండా చకచకా పెరగాలి. 20 దాటనివ్వకు, అక్కడే ఆపు. అసలేమీ రాకపోతే కార్బన్ బ్రష్‌లు చూడు. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ (డైనమోలో కదలకుండా ఉండే చుట్లు), 4–5 దగ్గర ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే చుట్లు) చెడిందని అనుమానించాలి. డైనమో బాగుంటేనే కటౌట్ దగ్గరికి రా.

రెగ్యులేటర్ సెట్టింగు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చెయ్. డిజిటల్ మీటరు కన్నా 0–20 వోల్టుల ముల్లు మీటరు మేలు. రెగ్యులేటర్ పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే లోహపు మొనలు) గడగడలాడుతుంటే డిజిటల్ అంకెలు ఒకచోట నిలవవు. కటౌట్ మీద 'ఎ', 'ఎ1' వైర్లు విప్పి, ఆ రెండింటినీ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టు. అందులో బ్యాటరీ కరెంటు ఉంటుంది, బాడీకి తగిలితే వైరింగు కాలుతుంది. చేతి ఉంగరం, వాచీ తీసెయ్. మీటరు 'డి'కీ 'ఇ'కీ మధ్య పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి మెల్లగా రేజ్ చేస్తూ పో. ముల్లు ఒక్కసారి అదిరి నిలబడుతుంది. ఆ నిలబడిన అంకే నీకు కావాల్సింది.

గాలి వేడి 20 డిగ్రీలైతే 16.0–16.6, 30 అయితే 15.9–16.5, 40 అయితే 15.8–16.4 ఉండాలి. పరీక్ష చేసే వేళకి షెడ్డు లోపల ఎంత వేడి ఉందో చూసుకుని ఆ లెక్కే పెట్టుకో. తేడా ఉంటే ఇంజిన్ ఆపి, రెగ్యులేటర్ లాక్‌నట్ వదులు చేసి స్క్రూ కొద్ది కొద్దిగా తిప్పు. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. లాక్‌నట్ బిగించాక మళ్లీ చూడు, బిగింపులో కూడా కొంత కదులుతుంది. ఒక్కో పరీక్ష 30 సెకన్లలో ముగించాలి. ఆలస్యమైతే కాయిల్ వేడెక్కి తప్పుడు అంకె చూపిస్తుంది, నువ్వు దాన్ని సరిచేయబోయి సెట్టింగు చెడగొడతావు.

ముల్లు నిలకడగా లేకపోతే పాయింట్లు మురికి పట్టాయన్నమాట. రెగ్యులేటర్ పాయింట్లను సన్నటి కార్బోరండం రాయితో రుద్దవచ్చు. కటౌట్ పాయింట్లు మెత్తనివి, వాటికి సన్నటి గ్లాస్ పేపర్ మాత్రమే వాడాలి, ఎమెరీ పనికిరాదు. రెండింటినీ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడువు.

వైర్లు యథాస్థానంలో పెట్టాక కటౌట్ సంగతి. మీటరు 'డి', 'ఇ' మధ్యే ఉంచి హెడ్‌లైట్లు వేసి మెల్లగా రేజ్ చెయ్. పాయింట్లు కలిసే క్షణంలో ముల్లు కాస్త కిందికి జారుతుంది. అది 12.7–13.3 మధ్య జరగాలి, లేదంటే కటౌట్ వైపు స్క్రూతో అదే పద్ధతిలో సరిచెయ్. ఇంజిన్ ఆపాక కూడా ఈ పాయింట్లు అతుక్కునే ఉంటే వెంటనే బ్యాటరీ వైరు పీకెయ్. కరెంటు వెనక్కి డైనమోలోకి పారి దాన్ని కాల్చేస్తుంది.

స్లోలో ఛార్జింగ్ లైటు మిణుకుమంటే కంగారు పడకు, డైనమో అంత నెమ్మదిలో ఛార్జ్ ఇవ్వలేదు. రేజ్ చేస్తే ఆరిపోవాలి. సెట్ చేశాక నెల రోజులు బ్యాటరీ నీళ్లు గమనించు. డిస్టిల్డ్ వాటర్ వారం వారం పోయాల్సి వస్తుంటే వోల్టేజి ఎక్కువైందని అర్థం. అప్పుడు ఎర్త్ మరోసారి చూశాకే స్క్రూ ముట్టుకో.