ఆఫీసు లాప్‌టాప్ నీది కాదమ్మడూ

అమ్మడూ,

కొత్త ఆఫీసులో లాప్‌టాప్ ఇచ్చారని, నీ పాతది నత్తలా నడుస్తోంది కాబట్టి ఇక అన్నీ ఇందులోనే చేసుకుంటానని నిన్న ఫోన్లో అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. నువ్వు సంతోషంగా చెప్తుంటే మధ్యలో అడ్డుపడటం ఎందుకని ఊరుకున్నా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్తాను. నేను ఒక ఉద్యోగం మానేసిన రోజు, హెచ్‌ఆర్ గదిలో సంతకాలు పెట్టి సీటు దగ్గరికి వచ్చేసరికి లాగిన్ అవట్లేదు. ఆరేళ్ల ఫొటోలు, ఇంటి లోను కాగితాలు అన్నీ అందులోనే. అదైనా పోనీ అనుకోవచ్చు, బ్యాంకు ఖాతాకి నేను ఇచ్చుకున్నది ఆఫీసు మెయిలు! పాస్‌వర్డ్ మార్చుకుందామంటే లింకు ఆ మెయిల్‌కే పోతుంది, ఆ మెయిల్ తలుపు నాకు మూసేశారు. వాళ్లని తిట్టుకున్నాను గానీ తప్పు నాదే. అప్పటినుంచి ఆఫీసు వస్తువులో ఏది పెట్టబోయినా, రేపు పొద్దున్నే దీన్ని తీసేసుకుంటే నాకేం పోతుందని ఒక్కసారి ఆగి నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. నువ్వూ అలాగే చెయ్యి. బ్యాంకు, పన్నులు, ఆసుపత్రి, చదువు, వీటన్నిటికీ నీ సొంత మెయిలు, నీ సొంత నంబరే. ఆఫీసు సిమ్ ఇచ్చినా సరే, దానికి ఓటీపీలు రానివ్వకు.

బ్రౌజర్ సంగతి చాలామందికి తోచదు. ఆఫీసు లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి నీ సొంత ఖాతాతో సింక్ (అన్ని మెషీన్లలో ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టావనుకో, నువ్వు దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ అందులోకి దిగిపోతాయి. ఇన్‌కాగ్నిటోలో, అంటే ప్రైవేటు విండోలో చూస్తున్నా కదా అంటావేమో, అది ఆ మెషీన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుందంతే, ఆఫీసు నెట్‌వర్క్ కళ్లకి గంతలు కట్టదు. కంపెనీ తన సర్టిఫికెట్‌ని, అంటే తనని నమ్మమని బ్రౌజర్‌కి చెప్పే డిజిటల్ పత్రాన్ని, ఆ లాప్‌టాప్‌లో వేసి ఉంటే, https అని మొదలయ్యే సురక్షితమైన సైట్లలో నువ్వు రాసేది కూడా విప్పి చూడగలదు. అందరూ చూస్తారని కాదు, చూసే వీలుందని. వాట్సాప్ వెబ్ ఇప్పటికే పెట్టేసుంటే ఫోన్లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి ఈ రాత్రే లాగౌట్ చెయ్యి. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడు మీ అమ్మ మెసేజ్ పైన తేలితే, ఆ రోజంతా ఆఫీసులో అదే కబురు.

ఇక నీ సొంత ఫోన్లో ఆఫీసు మెయిల్ పెట్టుకోమంటారు. "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ నొక్కే ముందు ఏం అడుగుతోందో చదువు. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌లని విడిగా ఉంచే వర్క్ ప్రొఫైల్ అయితే ఫరవాలేదు, ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది, రేపు చెరిపేసినా ఆ భాగమే పోతుంది. అలా కాకుండా ఫోను మొత్తం వాళ్ల అజమాయిషీలోకి వెళ్లిపోతే, దూరాన్నుంచి మొత్తం తుడిచేయగలరు. అందుకని ఐటీ వాళ్లకి, నేను మానేసినా, ఫోన్ పోయినా మీరు ఏం చెరిపేస్తారని ఒక మెయిల్ పెట్టు. నోటి మాటగా అడగొద్దు, జవాబు రాతలో ఉండాలి.

ఇప్పుడు రెండో వైపు, ఆఫీసు పనిని నీ సొంత వాటిలోకి తేకూడదు. ఇందులో మంచి పిల్లలే తప్పు చేస్తారు. శనివారం ఇంట్లో పూర్తి చేద్దామని ఫైలుని సొంత జీమెయిల్‌కి పంపుకుంటారు. నీ మనసులో అది కష్టపడటం, కంపెనీ కంప్యూటర్లు రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో మాత్రం కంపెనీ డేటా బయటికి వెళ్లడం. తర్వాత ఎవరితోనైనా మాటపట్టింపు వచ్చిందంటే ముందు బయటికి తీసేది ఆ లాగే. ఏఐ చాట్‌లో కస్టమర్ వివరాలు అతికించడం కూడా అలాంటిదే, కంపెనీ ఒప్పుకున్న టూల్ ఏదో కనుక్కుని దాన్నే వాడు. పని మాటలు వాట్సాప్‌లో నడిపించొద్దు. 2021 డిసెంబరులో అమెరికాలో జేపీ మోర్గాన్ బ్యాంకు సంస్థ మీద 20 కోట్ల డాలర్ల జరిమానా పడింది, కారణం ఉద్యోగులు సొంత ఫోన్లలో వ్యాపారం మాట్లాడుకోవడం, ఆ మాటలకి రికార్డు లేకపోవడం. మేనేజర్లే అలా చేశారు మరి! మీ మేనేజర్ వాట్సాప్‌లో పని చెప్తే నువ్వు ఆఫీసు చాట్‌లో "మీరు చెప్పిన పని మొదలుపెట్టాను" అని జవాబివ్వు, గొడవ పడక్కర్లేదు.

అప్‌డేట్ వచ్చినప్పుడల్లా "తర్వాత" నొక్కే అలవాటు నీకుందని నాకు తెలుసు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలు వేసింది కదా, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ మార్చి నుంచీ సిద్ధంగానే ఉంది. ఎవరిదో తెలియని పెన్‌డ్రైవ్ గుచ్చకూడదని నీకు వేరే చెప్పాలా.

ఒకవేళ లాప్‌టాప్ పోయినా, పిచ్చి లింకు ఏదైనా నొక్కేసినా, ఇంట్లో వెతుక్కుంటూ, ఏడుస్తూ కూర్చోకు. వెంటనే ఐటీకి ఫోన్ చెయ్యి. ఆ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో, లాప్‌టాప్‌లో దాచుకుంటే ఏం లాభం!

ఈ ఆదివారం నీ పాత లాప్‌టాప్ పట్టుకురా. దాని హార్డ్ డిస్క్ తీసి, అంతకంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో మూడేళ్లు లాగుతుంది, అది నా పూచీ.

మీ బాబాయి