పాటలూ పరికరాలూ: మీ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: బెస్ట్ కోస్ట్ బ్యాండ్ పాటల్లోని ఎండ పొద్దు హాయి మా రికార్డింగ్‌లో రావడం లేదండీ. రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) పెంచితే గిటార్, గొంతు ముద్దముద్దగా కలిసిపోతున్నాయి.

జవాబు: రివర్బ్ మంద్రస్వరాలకూ తగులుతోంది. 2010లో తొలి ఆల్బమ్ తెచ్చిన ఈ లాస్ ఏంజెలెస్ జంట పాటల్లో ట్యూన్ సూటిగా ఉంటుంది, అసలు అందం అదే! రివర్బ్‌ను వేరే ట్రాక్‌లో పెట్టి, అందులో 250 హెర్ట్జ్ కింది మంద్ర భాగం కోసేయండి. గిటార్‌కు స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగుల కంపనంతో వచ్చే రివర్బ్), బ్రిడ్జ్ పికప్ (తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర ఉండి ధ్వనిని పట్టే భాగం) వాడండి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించండి, లేకుంటే మీటు స్పష్టత పోతుంది.

గొంతును రెండుసార్లు పాడి రికార్డ్ చేయండి. రెండోదాన్ని 6 డెసిబెల్స్ తగ్గించండి. అందులో పదాల చివరి ‘స్’, ‘ట్’ మెత్తగా పలకండి. రెండు రికార్డింగుల్లో అవి ముందువెనకలైతే బుసబుసలు రెట్టింపవుతాయి.